ఎక్స్‌గ్రేషియా కాదు, పరిహారం కావాలె

(స్త్రీల ఆరోగ్యం, చట్టం అనే అంశం మీద ఉద్యోగులు, విద్యార్థులు కలిసి జరుపుకున్న సదస్సులో ఒక మహిళా న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)



ఆడవాళ్ల వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే పరిహారం ఎట్లా అడగాలె అనేది నాకిచ్చిన అంశం. సభల్లో ఎక్కువగా వినపడని అంశమిది. గర్భసంచి, నెలసరి, కాన్పు, పిల్లలు కాకుండా చేసే ఆపరేషన్... ఈ మాటలన్నీ వంటింట్లో గుసగుసగా మాట్లాడుకోవడానికే అన్నట్టు పెరిగాం. మనం సిగ్గుపడి నోరు మూసుకున్నంత కాలం తప్పు చేసినవాడికి ఆ సిగ్గే కాపలా కాస్తది. అందుకే ఇవాళ సిగ్గు పక్కన పెట్టి మాట్లాడుకుందాం. ముందు వరుసలో కూర్చున్న మగవాళ్లు కూడా తల దించుకోవాల్సిన పని లేదు, వినండి.

ముందుగా ఒక లెక్క. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏండ్ల లోపు ఆడవాళ్లలో ఎంతమందికి గర్భసంచి తీసేశారో లెక్క తీశారు. దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. తెలంగాణలో 7.7 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన రెండు తెలుగు రాష్ట్రాలవే. మిగతా చాలా విషయాల్లో మనం కొట్లాడుకున్నాం, ఇందులో మాత్రం పక్కపక్కనే నిలబడ్డాం.

గర్భసంచి తీసిన ప్రతి ఆపరేషనూ తప్పని నేను అనడం లేదు. క్యాన్సర్ ఉన్నప్పుడు, గడ్డలు పెరిగి ఏ మందుకూ రక్తస్రావం ఆగనప్పుడు ఆ ఆపరేషనే ప్రాణం నిలబెడుతుంది. నా ప్రశ్న వేరు. దేశంలో ఎక్కడా లేనంతగా మన దగ్గరి ఆడవాళ్ల గర్భసంచులే ఎందుకు చెడిపోతున్నాయి? నలభై ఏండ్లు కూడా నిండని కైకిలి చేసుకునే మనిషి తెల్లబట్ట అవుతున్నదని పోతే, "నీకు పిల్లలున్నరు కదమ్మా, ఇంక ఆ సంచితోని ఏం పని? ఉంచుకుంటే క్యాన్సర్ అయితది" అని ఎందుకు చెబుతున్నారు? అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిపోయే దశ ఒక్కరోజులో మీద పడుతుందని, ఎముకలు గుల్లబారే ముప్పు, గుండె జబ్బు ముప్పు పెరుగుతుందని ఆపరేషన్‌కు ముందు ఎంతమందికి చెప్పారు?

దయ వేరు, హక్కు వేరు

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సర్కారు దవాఖానలో ఒకే రోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలో నలుగురు తల్లులు చనిపోయారు. మిగిలినవాళ్లను హైదరాబాద్ పెద్దాసుపత్రులకు తరలించాల్సి వచ్చింది. ప్రభుత్వం చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయల ఎక్స్‌గ్రేషియా, డబుల్ బెడ్‌రూం ఇల్లు ప్రకటించింది. విచారణ వేసింది, కొందరి మీద చర్యలు తీసుకున్నది.

ఎక్స్‌గ్రేషియా అనే మాట మనకు బాగా అలవాటైపోయింది. పిడుగు పడితే ఎక్స్‌గ్రేషియా, బస్సు బోల్తా పడితే ఎక్స్‌గ్రేషియా. ఆ మాట లాటిన్‌ది. దయతో ఇచ్చేది అని దాని అర్థం. ఎంత ఇవ్వాలో ఇచ్చేవాడే నిర్ణయిస్తాడు. ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు. అది ఇచ్చినంత మాత్రాన తప్పు ఎవరిదో తేలదు. పరిహారం అట్లా కాదు. తప్పు జరిగిందని నిలదీసి, జరిగిన నష్టాన్ని లెక్కగట్టి, బాధ్యుడి దగ్గర వసూలు చేసేది పరిహారం. దాని వెనుక ఒక తీర్పు ఉంటుంది. ఆ తీర్పు ఇంకో దవాఖానకు హెచ్చరిక అవుతుంది.

ఎక్స్‌గ్రేషియా వద్దనమని నేను చెప్పడం లేదు. ఇంట్లో తల్లి పోయి చిన్నపిల్లలు మిగిలినప్పుడు ఆ డబ్బు కావాలె. తీసుకోండి. కానీ "ఇంక మాకు ఎవరి మీదా ఎలాంటి క్లెయిమూ లేదు" అని రాసిన కాగితం ముందు పెడితే, చదవకుండా వేలిముద్ర వేయకండి. దుఃఖంలో ఉన్న మనిషితోని పెట్టించుకునే సంతకం అన్నిటికంటే ఖరీదైన సంతకం.

ఇంకొక మాట. ఇట్లా సామూహికంగా ఆపరేషన్లు చేసే శిబిరాలు ఆపాలని సుప్రీంకోర్టు అప్పటికే చెప్పి ఉన్నది. బీహార్‌లోని అరరియా జిల్లాలో 2012 జనవరి 7న ఒక బడిలో, బల్లల మీద పడుకోబెట్టి, టార్చిలైటు వెలుతురులో రెండు గంటల్లో 53 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు. దాని మీద దేవికా బిశ్వాస్ వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యం విచారణలో ఉండగానే 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాల ఘోరం జరిగింది. అక్కడ పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు తీర్పు ఇస్తూ, మూడేండ్లలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పాలని ఆదేశించింది. మూడేండ్లంటే 2019. ఇబ్రహీంపట్నం జరిగింది 2022లో. ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడండి. దయ చూపించి మరిచిపోతే ఏమవుతుందో అర్థమవుతుంది.

ఏది నిర్లక్ష్యం, ఏది కాదు

డాక్టర్ల మీద కోపంతోనే కేసు గెలవలేం. చట్టం ఏమంటదో తెలుసుకోవాలె. ఫలితం బాగా రాకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు. ఆ వృత్తిలో మామూలు నైపుణ్యం ఉన్న డాక్టర్ తీసుకునే జాగ్రత్త తీసుకోకపోవడం నిర్లక్ష్యం. 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరంగా చెప్పింది. డాక్టర్‌ను క్రిమినల్ కేసులో శిక్షించాలంటే చాలా తీవ్రమైన నిర్లక్ష్యం రుజువు కావాలన్నది. నష్టపరిహారం అడగడానికి అంత అవసరం లేదు. పోలీస్ స్టేషన్‌లో కేసు నిలబడలేదని పరిహారం ఆశ వదులుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ రెండూ వేర్వేరు దారులు.

ఒక ఉదాహరణ చెబుతాను. గర్భసంచి తీసేటప్పుడు పక్కనే ఉన్న మూత్రనాళానికో, మూత్రాశయానికో గాయం కావచ్చు. జాగ్రత్తగా చేసినా జరగగల ప్రమాదమని వైద్యశాస్త్రం ఒప్పుకుంటుంది. కానీ ఆపరేషన్ అయిన తర్వాత ఆమె "మూత్రం ఆగకుండా కారుతున్నది సారూ" అని మొత్తుకుంటుంటే, "కొత్తల అట్లనే ఉంటది, తగ్గుతది" అని పరీక్ష చేయకుండా ఇంటికి పంపిస్తే అది వేరే సంగతి. గాయం ప్రమాదం కావచ్చు. చూడకపోవడం, చెప్పకపోవడం, ఇంకో దవాఖానకు పంపకపోవడం నిర్లక్ష్యం కిందికి వస్తాయి.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఫెయిలైన కేసులను చూద్దాం. 2000 ఏప్రిల్‌లో హర్యానా ప్రభుత్వం, సంత్రా కేసులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆమె కూలి చేసుకునే మనిషి. అప్పటికే ఏడుగురు పిల్లలు. 1988లో గుర్‌గావ్ సర్కారు దవాఖానలో ఆపరేషన్ చేయించుకున్నది. ఇంక పిల్లలు పుట్టరని చెప్పారు. మళ్లీ గర్భం వచ్చింది, ఆడపిల్ల పుట్టింది. తర్వాత తేలిందేమిటంటే, కుడివైపు నాళానికే ఆపరేషన్ చేశారు, ఎడమవైపు దాన్ని ముట్టుకోలేదు. ఆమెకు 54 వేల రూపాయలు వడ్డీతో ఇవ్వాలన్న కింది కోర్టు తీర్పును సుప్రీంకోర్టు ఖరారు చేసింది.

ఐదేండ్ల తర్వాత, 2005లో పంజాబ్ ప్రభుత్వం, శివ్‌రామ్ కేసులో అదే సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. ఆపరేషన్ సరిగ్గా చేసినా సహజంగానే నాళాలు తిరిగి కలుసుకోవచ్చు, గర్భం వచ్చినంత మాత్రాన డాక్టర్ నిర్లక్ష్యం అనలేం, నిర్లక్ష్యాన్ని విడిగా రుజువు చేయాలె అన్నది. ఈ రెండు తీర్పులూ కొట్లాడుకుంటున్నట్టు కనపడతాయి, కానీ రెండింటి మధ్య తేడా ఒక్క కాగితం. సంత్రాకు ఒకవైపే ఆపరేషన్ జరిగిందని చూపించే ఆధారం ఉన్నది. రెండో కేసులో లేదు.

ఔరంగాబాద్ తువ్వాలు

ఇప్పుడు చెప్పేది మనకు దగ్గరి ఊరి కథ. ఔరంగాబాద్ 1956 దాకా మన పాత హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. ఇప్పుడు దాని పేరు ఛత్రపతి శంభాజీనగర్. 1963 జూలై 10న అక్కడి సర్కారు దవాఖానలో ఒక తల్లి మగపిల్లవాణ్ని కన్నది. మూడు రోజులకు, 13వ తేదీన, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేశారు. జ్వరం పట్టుకున్నది, కడుపునొప్పి తగ్గలేదు. 19వ తేదీన మళ్లీ కడుపు కోసి చూస్తే లోపల తువ్వాలు దొరికింది. 24న ఆమె చనిపోయింది.

భర్త, పిల్లలు కోర్టుకు పోయారు. కింది కోర్టు 36 వేల రూపాయలు ఇవ్వమన్నది. హైకోర్టు కొట్టేసింది. చివరికి 1996 ఫిబ్రవరి 20న సుప్రీంకోర్టు కింది కోర్టు తీర్పును నిలబెట్టింది. కడుపులో తువ్వాలు మరిచిపోవడమే నిర్లక్ష్యాన్ని చెబుతుంది, ఇంక రుజువు చేయడానికేమున్నది అన్నది. సర్కారు దవాఖాన నడపడం రాజ్యాధికారంలో భాగం కాబట్టి ప్రభుత్వం బాధ్యత వహించదన్న వాదనను తోసిపుచ్చింది. ఏ డాక్టర్ చేతి నుంచి తప్పు జరిగిందో తేలకపోయినా, దవాఖాన నడిపే ప్రభుత్వం జవాబు చెప్పాల్సిందే అన్నది.

మంచి తీర్పు. కానీ 1963 నుంచి 1996 దాకా 33 ఏండ్లు. ఆ రోజు పుట్టిన పసివాడికి తీర్పు వచ్చేనాటికి 32 నిండాయి. తల్లి పాల కోసం ఏడ్చిన పిల్లవాడికి నడివయసు దగ్గర పడినంక న్యాయం దొరికింది. అందుకే 1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం మనలాంటివాళ్లకు ముఖ్యమైంది. 1995 నవంబర్‌లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు ఫీజు తీసుకొని చేసే వైద్యం ఆ చట్టం కిందికి వస్తుందని తేల్చింది. 2019 కొత్త చట్టంలో వైద్యం అనే మాట విడిగా లేదు కాబట్టి డాక్టర్లు బయటపడ్డారని కొందరు వాదించారు. 2022లో సుప్రీంకోర్టు ఆ వాదనను కూడా ఒప్పుకోలేదు.

సంతకం ఎవరిది?

నా దగ్గరికి వచ్చే అక్కలను నేను మొదట అడిగే ప్రశ్న: "సంతకం ఎవరు పెట్టిన్రు?" జవాబులు ఇట్లా ఉంటాయి: "మా ఆయన పెట్టిండు", "మా అత్తమ్మ వేలిముద్ర వేసింది", "నర్సమ్మ పెట్టుమన్నకాడ పెట్టిన". ఏం రాసి ఉన్నదో చదివినవాళ్లు తక్కువ. తెలుగులో రాసి ఉన్న కాగితం చూసినవాళ్లు ఇంకా తక్కువ.

ఈ సంతకం మీదనే 2008 జనవరి 16న సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఢిల్లీలో 1995లో జరిగిన సంగతి. 44 ఏండ్ల పెండ్లి కాని స్త్రీ రక్తస్రావం ఎక్కువై క్లినిక్‌కు పోయింది. జబ్బేమిటో తెలుసుకోవడానికి లాప్రోస్కోపీ పరీక్షకు ఒప్పుకున్నది. మత్తు ఇచ్చి పరీక్ష చేస్తుండగా, డాక్టర్ సహాయకురాలు బయట కూర్చున్న ముసలి తల్లి దగ్గరికి వచ్చి సంతకం తీసుకున్నది. ఆమె మత్తులో నుంచి లేచేసరికి గర్భసంచి లేదు, అండాశయాలు లేవు, నాళాలు లేవు.

సుప్రీంకోర్టు ఏమన్నదంటే, పరీక్షకు ఇచ్చిన అంగీకారం ఆపరేషన్‌కు ఇచ్చిన అంగీకారం కాదు. తెలివిలోకి వస్తే తానే నిర్ణయం తీసుకోగల మనిషి తరఫున తల్లి సంతకం చెల్లదు. అప్పటికప్పుడు చేయకపోతే ప్రాణం పోతుందన్నప్పుడే డాక్టర్ అంగీకారం లేకుండా ముందుకు పోవచ్చు. అంతేకాదు, అంగీకారం అడిగే ముందు డాక్టర్ ఏమేమి చెప్పాలో కూడా లెక్కపెట్టి చెప్పింది: ఏం చేయబోతున్నారు, ఎందుకు చేస్తున్నారు, దానివల్ల లాభమేమిటి, వేరే దారి ఏమన్నా ఉన్నదా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతది. ఈ ప్రశ్నలను రాసుకొని మీ ఇంట్లో గోడకు అతికించుకోండి. మీ భార్యకో, అక్కకో, తల్లికో ఆపరేషన్ అన్నప్పుడు ఒక్కొక్కటే అడగండి. అడిగితే కోప్పడే డాక్టర్ దగ్గర రెండుసార్లు ఆలోచించండి.

గర్భసంచి వెల ఎంత?

అయితే ఆ కేసులో పరిహారం ఎంత ఇచ్చారో తెలుసా? ఆమె అడిగింది 25 లక్షలు. కోర్టు ఇచ్చింది 25 వేలు, ఆపరేషన్ ఫీజు రద్దు. పదమూడేండ్ల పోరాటానికి పాతిక వేలు. డాక్టర్ ఆమె మేలు కోరే ఆపరేషన్ చేసిందన్న మాటకు కోర్టు విలువ ఇచ్చింది.

దీన్ని హైదరాబాద్ కేసుతో పోల్చి చూడండి. 1990లో నిమ్స్‌లో ఒక ఇంజినీరింగ్ విద్యార్థికి ఛాతీలో గడ్డ ఉంటే, ముక్క తీసి పరీక్ష చేస్తామని చెప్పి గడ్డ మొత్తం తీసేశారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. అక్కడ కూడా అంగీకారానికి మించి కత్తి పెట్టారన్నదే ఒక ముఖ్యమైన తప్పు. 2009 మేలో సుప్రీంకోర్టు అతనికి కోటి రూపాయలు ఇప్పించింది. ఆ తీర్పు న్యాయమైంది. జీవితాంతం చక్రాల కుర్చీలో ఉండే మనిషికి ఆ డబ్బు ఎక్కువేం కాదు. రెండు గాయాలూ ఒక్కటే అని కూడా నేను అనను. కానీ కోటి ఎక్కడ, పాతిక వేలు ఎక్కడ? నాలుగు వందల రెట్లు.

ఈ తేడా ఎక్కడి నుంచి వస్తున్నది? కోర్టులు పరిహారం లెక్కగట్టేటప్పుడు ముందుగా చూసేది సంపాదన. నెల జీతం ఎంత, ఇంక ఎన్నేండ్లు సంపాదించేవాడు అని గుణిస్తారు. మన ఆడవాళ్లకు పే స్లిప్ లేదు. పొలంలో నాట్లు వేస్తది, కలుపు తీస్తది, బీడీలు చుడతది, పాలు పిండుతది, అత్తమామలను చూసుకుంటది. పిటిషన్‌లో మాత్రం "వృత్తి: గృహిణి" అని రాస్తాం. ఆ ఒక్క మాటతోని ఆమె రోజంతా చేసే పని సున్నా అయిపోతది.

దీన్ని కూడా మార్చిన తీర్పులు ఉన్నాయి. 2001లో లతా వాధ్వా కేసులో గృహిణి ఇంటి పనికి నెలకు 3 వేలు లెక్కగట్టారు. 2021 జనవరిలో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ తన తీర్పులో ఇంటి పని లెక్కను విడిగా చర్చించారు. 2019 జాతీయ సర్వే ప్రకారం ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు జీతం లేని ఇంటి పని చేస్తే, మగవాళ్లు 97 నిమిషాలు చేస్తున్నారని చెప్పి, ఆ పనికి విలువ కట్టడం దానం కాదన్నారు. అవి ప్రమాదాల కేసులు. కానీ వైద్య నిర్లక్ష్యం కేసుల్లో కూడా అదే వాదన పెట్టవచ్చు, పెట్టాలె. పిటిషన్ రాసేటప్పుడే ఆమె చేసే ప్రతి పనీ రాయండి. ఆపరేషన్ తర్వాత ఆ పని ఎవరు చేస్తున్నారు, ఎంత కూలి ఇచ్చి చేయించుకుంటున్నారు, ఎన్నిసార్లు పట్నం పోయి వచ్చారు, ఎంత వడ్డీకి అప్పు తెచ్చారు, అన్నీ రాయండి. రాయని బాధకు కోర్టు వెల కట్టదు.

ఎక్కడికి పోవాలె, ఎప్పటిలోగా పోవాలె

ఇప్పుడు పనికొచ్చే విషయాలు. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ఫీజు కట్టి ప్రైవేటు దవాఖానలో చూపించుకుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు. కట్టిన ఫీజు 5 లక్షల లోపైతే కోర్టు ఫీజు లేదు. దవాఖాన హైదరాబాద్‌లో ఉన్నా మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. 2019 చట్టం తెచ్చిన మేలు ఇది. వకీలు లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు. వకీలు కావాలంటే, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతున్నది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టండి.

ఉద్యోగ మిత్రులకు ఒక ప్రత్యేకమైన మాట. బిల్లు రీయింబర్స్‌మెంట్ అయ్యింది, మనం కట్టలేదు కదా, కేసు నడవదని అనుకోకండి. ఉద్యోగం ఇచ్చినవాళ్లు కట్టినా, ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా ఆ వైద్యం చట్టం కిందికి వస్తుందని 1995 తీర్పులోనే ఉన్నది. బిల్లులు ఆఫీసులో పెట్టే ముందు జిరాక్స్ తీసి పెట్టుకోండి.

అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే సర్కారు దవాఖాన ఆ చట్టం కిందికి రాదు. కొందరి దగ్గర డబ్బు తీసుకొని కొందరికి ఉచితంగా చేసే దవాఖాన అయితే, ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా కమిషన్‌కు పోవచ్చు. పూర్తిగా ఉచితమైన చోట జరిగితే సివిల్ కోర్టు ఉన్నది, మానవ హక్కుల కమిషన్ ఉన్నది, రాజ్యాంగం 21వ అధికరణం కింద హైకోర్టు ఉన్నది. ఔరంగాబాద్ తువ్వాలు కేసు సర్కారు దవాఖాన మీద వేసిందే అని గుర్తుపెట్టుకోండి.

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఫెయిలైనా, వికటించినా, ప్రాణం పోయినా ఇచ్చే పథకం ఒకటి 2005 నుంచి ఉన్నది. అది కూడా సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత వచ్చిందే. 2013 నాటి లెక్కలో ఏడు రోజుల లోపు చనిపోతే 2 లక్షలు, ఫెయిలైతే 30 వేలు. తర్వాత ఈ మొత్తాలను పెంచారు. దీనికి నిర్లక్ష్యం రుజువు చేయనక్కర లేదు. కానీ గడువు తక్కువ. నెల తప్పిందని తెలిసిన వెంటనే ఆపరేషన్ సర్టిఫికెట్ పట్టుకొని ఆపరేషన్ చేసిన దవాఖానలో, జిల్లా వైద్యాధికారి ఆఫీసులో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలె.

వినియోగదారుల కమిషన్‌కు గడువు రెండేండ్లు. సరైన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. 2010లో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. ఒక నర్సుకు 1993లో పిత్తాశయం ఆపరేషన్ చేసి లోపల గాజుగుడ్డ మరిచిపోయారు. తొమ్మిదేండ్లు నొప్పి భరించింది. 2002లో ఇంకో ఆపరేషన్ చేస్తే అది బయటపడింది. కోర్టు ఏమన్నదంటే, నర్సుగా పని చేసే మనిషివి, నొప్పి వస్తుంటే ముందే పోయి అడగాల్సింది, గడువు దాటిపోయింది అన్నది. కేసు కొట్టేశారు. ఓర్చుకోవడం మంచి గుణమని మన ఆడపిల్లలకు చిన్నప్పటి నుంచి నేర్పుతాం. కోర్టులో ఆ ఓర్పే మన మీదికి వస్తది.

కాగితాల సంగతి. కేసు షీట్, ఆపరేషన్ నోట్స్, అంగీకార పత్రం, స్కానింగులు, తీసిన గర్భసంచిని ల్యాబులో పరీక్షించిన బయాప్సీ రిపోర్టు, డిశ్చార్జి సమ్మరీ, బిల్లులు. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 మెడికల్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. నోటితో అడిగితే "రేపు రా" అంటారు. రాసి ఇవ్వండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సర్కారు దవాఖాన అయితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. బయాప్సీ రిపోర్టు ముఖ్యంగా అడగండి. క్యాన్సర్ అని భయపెట్టి తీసిన సంచిలో ఏమున్నదో చెప్పేది ఆ కాగితమే.

"డాక్టర్ మీద ఇంకో డాక్టర్ సాక్ష్యం చెప్పడు కదా మేడం" అని అడుగుతారు. నిజమే, చెప్పేవాళ్లు తక్కువ. 2010 మార్చిలో వి. కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదన్నది. అది హైదరాబాద్ నుంచి పోయిన కేసే. మలేరియా జ్వరానికి టైఫాయిడ్ వైద్యం చేస్తే ఆయన భార్య చనిపోయింది. రికార్డే నిర్లక్ష్యాన్ని చెబుతున్నప్పుడు వేరే నిపుణుడు అక్కర లేదని, జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల తీర్పును కోర్టు నిలబెట్టింది. మళ్లీ అక్కడికే వస్తున్నాం. కాగితం ఉంటే నోరు ఉన్నట్టు.

ఒంటరిగా వదలొద్దు

చివరిగా రెండు మాటలు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన కేసులో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం తయారుచేసిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలు చేయాలన్నది. జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయిలో పర్యవేక్షణ కమిటీలు ఉండాలె. స్త్రీకి తెలిపి అంగీకారం తీసుకోకుండా అవసరం లేని ఆపరేషన్ చేసిన దవాఖానలను నిషేధిత జాబితాలో పెట్టాలె. మన జిల్లాలో ఆ కమిటీ ఉన్నదా? ఎవరెవరు ఉన్నారు? ఎన్నిసార్లు కూర్చున్నారు? ఏ దవాఖానలో ఏడాదికి ఎన్ని గర్భసంచులు తీశారు? విద్యార్థి మిత్రులారా, ఇవి నాలుగు ప్రశ్నలు. ఒక్క సమాచార హక్కు దరఖాస్తు, పది రూపాయల ఫీజు. ప్రతి జిల్లాలో ఒక్కరు పెట్టినా మన దగ్గర ఒక పటం తయారవుతది. ఆ పటం పట్టుకొని కలెక్టర్ దగ్గరికి పోదాం.

ఉద్యోగ మిత్రులారా, మీకు ఆఫీసు భాష వస్తది. అర్జీ ఎట్లా రాయాలో, అందినట్టు రసీదు ఎట్లా తీసుకోవాలో తెలుసు. మీ ఊర్లో, మీ బస్తీలో ఇట్లాంటి దెబ్బ తిన్న ఒక్క అక్కకు ఆ రెండు పనులు చేసిపెట్టండి. రికార్డులు అడిగే ఉత్తరం, జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు. దీనికి ఒక సెలవు రోజు పడుతుంది.

మంచి డాక్టర్లు ఉన్నారు. సర్కారు దవాఖానల్లో అర్ధరాత్రి కాన్పులు చేసి తల్లీబిడ్డలను బతికించేవాళ్లు ఉన్నారు. వాళ్లకు మన పోరాటం వల్ల నష్టమేమీ లేదు. చెప్పి చేసేవాడికి, చూసి చేసేవాడికి, రాసి పెట్టేవాడికి ఈ చట్టాల వల్ల భయం లేదు.

ఆడిబిడ్డ కడుపు మీద కుట్టు పడ్డప్పుడు ఆమె అడుగుతున్నది జాలి కాదు. నాకేం చేసిన్రు, ఎందుకు చేసిన్రు, నన్ను అడిగిన్రా అని జవాబు అడుగుతున్నది. ఆ జవాబు దొరికేదాకా ఆమె పక్కన నిలబడదాం.